పాత సైంటిస్టు బొమ్మ వాడే ముందు: రాయల్ సొసైటీ ఫెలోల చిత్తరువులను ఎలా చూడాలి

లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీలో తొలి తరం ఫెలో (సభ్యుడు) రాబర్ట్ హుక్ పేరు సెర్చ్‌లో కొట్టండి, ముఖాలు వరసగా వస్తాయి. గోధుమరంగు ఉంగరాల జుట్టు, పక్కన పుస్తకాలో పరికరాలో, వెనక చీకటి గోడ, చూడగానే 17వ శతాబ్దం అనిపించేలా ఉంటాయి. చిక్కేంటంటే, హుక్‌ను ఎదురుగా కూర్చోబెట్టి గీసిందని అందరూ ఒప్పుకున్న బొమ్మ ఈరోజుకీ ఒక్కటి లేదు. మీకు కనబడేవాటిలో కొన్ని రీటా గ్రీర్ అనే చిత్రకారిణి ఈ శతాబ్దంలోనే, హుక్‌ని ఎరిగినవాళ్ళు రాసిపెట్టిన వర్ణనలను బట్టి ఊహించి వేసినవి. ఆ సంగతి ఆవిడ దాచలేదు కూడా. బొమ్మ ఒక సైటు నుంచి ఇంకో సైటుకి మారుతూ వచ్చేసరికి ఆ మాట రాలిపోయింది, అంతే.

ఇంతకంటే తమాషా ఇంకోటుంది. 2003లో లీసా జార్డిన్ అనే పేరున్న చరిత్రకారిణి ఒక పాత తైలవర్ణ చిత్రాన్ని చూపించి ఇదే హుక్ అన్నారు. తర్వాత చూస్తే అది యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ అనే రసాయన శాస్త్రవేత్తదని తేలింది, ఆయన రాయల్ సొసైటీ పుట్టకముందే, 1644లోనే పోయారు. జీవితమంతా ఈ పనే చేసినవాళ్ళకే ఇలా జరిగితే, ఏదో వ్యాసానికో స్లైడుకో గబగబా బొమ్మ డౌన్‌లోడ్ చేసుకునే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూసుకోండి. (హుక్ చిత్తరువును న్యూటన్ కావాలనే మాయం చేయించాడన్న కథ కూడా బాగా తిరుగుతుంది. 1710లో సొసైటీకి వచ్చిన ఊఫెన్‌బాఖ్ అనే జర్మన్ యాత్రికుడు అక్కడ హుక్ బొమ్మ చూశానని రాసుకున్నాడు, అదే ఏడాది సొసైటీ గ్రెషమ్ కాలేజీ నుంచి క్రేన్ కోర్టుకి ఇల్లు మారింది, తర్వాత ఆ బొమ్మ జాడ లేదు. అంతవరకే తెలుసు. న్యూటన్ చెయ్యి ఉందనడానికి ఆధారమేమీ లేదు, కథ బాగుంది కాబట్టి బతికింది.) హుక్ గురించి రాస్తుంటే నా సలహా ఒకటే: ముఖం వదిలేయండి, 1665లో వచ్చిన ఆయన పుస్తకంలో మైక్రోస్కోపులో చూసి గీసిన పేను లాంటి చిన్న పురుగుల బొమ్మలున్నాయి కదా, వాటిలో ఏదైనా పెట్టండి. అవి ఖాయంగా ఆయన పనే.

ఇక పద్ధతిలోకి వద్దాం.

మొదటి పని: మూలం ఏదో కనుక్కోవడం

నేను అన్నిటికంటే ముందు చేసేది ఇదే, ఇది చేస్తే సగం పని అయిపోయినట్టే. 1660 నవంబర్ 28న మొదలైన సొసైటీలో పాత తరాల ఫెలోలు ఎంత పేరున్నవాళ్ళయినా, చిత్రకారుడి ఎదుట నిజంగా కూర్చున్నది కొద్దిసార్లే. మిగతా వందల బొమ్మలన్నీ ఆ నాలుగైదింటి నుంచి దిగినవి: నకళ్ళు, నకళ్ళకి నకళ్ళు, వాటిని చూసి రేకుల మీద చెక్కి అచ్చువేసిన ముద్రలు, వాటిని చూసి గీసిన స్కూలు పుస్తకం బొమ్మలు. కాబట్టి మీ చేతిలో ఉన్న బొమ్మ ఏ మూలానికి చెందిందో తెలిస్తే చాలు, తేదీ, వయసు, నమ్మకం అన్నీ దాంతోపాటే తెలిసిపోతాయి.

న్యూటన్‌నే తీసుకోండి. ఖాయంగా చెప్పగలిగిన వాటిలో అన్నిటికంటే పాతది గాడ్‌ఫ్రీ నెల్లర్ 1689లో గీసింది, అప్పటికి న్యూటన్‌కి 46 ఏళ్ళు, విగ్గు లేదు, సొంత జుట్టే భుజాల మీద పడి ఉంటుంది. అదే నెల్లర్ 1702లో మళ్ళీ గీశాడు, ఈసారి గోధుమరంగు పెద్ద విగ్గు. 1703లో చార్లెస్ జెర్వాస్ గీసింది న్యూటన్ స్వయంగా సొసైటీకి ఇచ్చాడు. ముసలితనంలో, 1725, 26 ప్రాంతంలో, జాన్ వాండర్‌బ్యాంక్ గీసినవి ఉన్నాయి, చనిపోయాక తీసిన ముఖం అచ్చు ఉంది. ట్రినిటీ కాలేజీలో రూబిలియాక్ చెక్కిన ప్రసిద్ధమైన పాలరాతి విగ్రహం 1755 నాటిది, అంటే న్యూటన్ పోయిన 28 ఏళ్ళకి చేసింది. ఇప్పుడు ఆలోచించండి: ప్లేగు కాలంలో, 1665లో, ఇంటి దగ్గర కూర్చుని ఆలోచిస్తున్న 22 ఏళ్ళ న్యూటన్ బొమ్మ అని ఎవరైనా చూపిస్తే అది ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఎవరో ఊహించి గీసిందే అవ్వాలి.

మూలం వెతకడం ఎలా అంటే, ముందు బొమ్మతో రివర్స్ ఇమేజ్ సెర్చ్ (బొమ్మనే ఎక్కించి అది ఇంకెక్కడెక్కడ ఉందో వెతకడం) చేయండి, కానీ మొదట వచ్చిన సైటు దగ్గర ఆగొద్దు. అసలు వస్తువు ఏ సంస్థ దగ్గర ఉందో, దాని నంబరేంటో దొరికేదాకా వెళ్ళండి. బ్రిటన్‌లో ప్రజల సొత్తుగా ఉన్న తైలవర్ణ చిత్రాలకి ఆర్ట్ యూకే సైటు చాలా బాగుంటుంది. ముద్రలకీ ఫొటోలకీ లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, వైద్యులైతే వెల్‌కమ్ కలెక్షన్, సొసైటీ సొంత చిత్రాలకి దాని పిక్చర్ లైబ్రరీ చూడండి. వికీమీడియా కామన్స్‌ని దారి చూపించేదానిగా వాడుకోవచ్చు, సాక్ష్యంగా వద్దు. అక్కడ మూలం అన్న చోట ఇంకో వెబ్‌సైటు పేరు మాత్రమే ఉండి మ్యూజియం పేరు లేకపోతే డౌట్ పడాల్సిందే.

కేటలాగులో చిత్రకారుడి పేరు ముందు ఉండే చిన్న మాటల్ని దాటేయొద్దు. పేరు ఒక్కటే ఉంటే ఆయనే గీశాడని సంస్థ నమ్ముతోంది. ‘ఆట్రిబ్యూటెడ్ టు’ అంటే బహుశా ఆయనే. ‘స్టూడియో ఆఫ్’ అంటే ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు. ‘ఆఫ్టర్’ అని ఉంటే మాత్రం ఆయన బొమ్మను చూసి వేరేవాళ్ళు, ఒక్కోసారి వందేళ్ళ తర్వాత, వేసిన నకలు. నకలు చెడ్డదని కాదు. జాన్ కాలియర్ 1881లో లినియన్ సొసైటీ కోసం డార్విన్‌ని గీసి, 1883లో తనే ఇంకోటి వేశాడు, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నది ఆ రెండోది. మీరు చూస్తున్నది ఏదో తెలియాలి, అంతే.

అసలు కూర్చోవడానికే ఒప్పుకోని మనిషైతే?

హెన్రీ కావెండిష్ కథ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. మనుషుల్ని చూస్తేనే టెన్షన్ పడే మనిషి, చిత్రకారుడి ముందు కూర్చోవడానికి ససేమిరా అన్నాడు. విలియం అలెగ్జాండర్ అనే చిత్రకారుణ్ణి రాయల్ సొసైటీ క్లబ్ విందుకి పిలిపించి, దూరంగా కూర్చోబెట్టి, కావెండిష్‌కి తెలియకుండా ముఖం గీయించారట. మేకుకి తగిలించి ఉన్న పొడుగు కోటూ మూడు మూలల టోపీ విడిగా గీసుకుని తర్వాత రెండూ కలిపాడు. ఆ చిన్న స్కెచ్ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఆ ముడతల కోటుతో, టోపీతో పక్కకి తిరిగి నిలబడ్డ మనిషి బొమ్మలన్నిటికీ అదే మూలం. కాబట్టి పట్టు కోటు వేసుకుని మనకేసి నవ్వుతున్న కావెండిష్ ఎక్కడైనా దొరికితే, సంబరపడకండి.

ముద్ర కింద రాసింది చదవండి

ఫొటోలు రాకముందు ఫెలోల ముఖాలు లోకానికి చేరింది రాగి రేకుల మీద చెక్కి అచ్చువేసిన ముద్రల ద్వారానే. వాటి కింద సన్నటి అక్షరాల్లో లాటిన్ మాటలుంటాయి, వాటి కోసం లాటిన్ నేర్చుకోనక్కర్లేదు. మామూలుగా ఎడమవైపు పేరు పక్కన ‘పింక్సిట్’ ఉంటే రంగుల చిత్రం గీసింది ఆయన, ‘డెల్’ అంటే పెన్సిలుతోనో సిరాతోనో గీసింది ఆయన. కుడివైపు ‘స్కల్ప్’ అంటే చెక్కినవాడు. ‘ఎక్స్‌కుడిట్’ అంటే అచ్చువేసి అమ్మినవాడు. ‘ఆడ్ వీవమ్’ అని ఉంటే మనిషిని చూసే గీశామని వాళ్ళు చెప్పుకుంటున్నారన్నమాట. 1735లో ఇంగ్లండులో ముద్రలకు కాపీరైట్ చట్టం వచ్చాక చాలావాటి మీద ప్రచురించిన తేదీ కూడా కనిపిస్తుంది. ఆ తేదీ ముద్రది, మూలచిత్రానిది కాదు. 1800లో అచ్చయిన ముద్రలో ఉన్న ముఖం 1690 నాటిది కావచ్చు.

ఇంకో చిట్కా. రేకు మీద చెక్కింది కాగితం మీద తిరగబడి పడుతుంది, చెక్కేవాడు ముందే అద్దంలో చూసినట్టు తిప్పి చెక్కకపోతే ఎడమ కుడి అవుతుంది. అందుకని తైలచిత్రంలో మనిషి ఒకవైపు, ముద్రలో ఇంకోవైపు చూస్తున్నంత మాత్రాన రెండు వేర్వేరు చిత్తరువులు అనుకోవద్దు. కోటు గుండీలు చూడండి, మగవాళ్ళ కోటుకి ఎడమ అంచు పైకి వస్తుంది. అది తారుమారైతే బొమ్మ తిరగబడిందని అర్థం చేసుకోవచ్చు. తొలి రోజుల డగెరోటైపు ఫొటోలు కూడా ఇలాగే తిరగబడి ఉంటాయి.

గుంపు బొమ్మలంటే నాకు అసలు నమ్మకం లేదు. 1667లో సొసైటీ చరిత్ర పుస్తకానికి హొల్లార్ చెక్కిన ముఖచిత్రంలో రాజు రెండో చార్లెస్ ప్రతిమకి ఒకవైపు మొదటి అధ్యక్షుడు బ్రౌంకర్, ఇంకోవైపు ఫ్రాన్సిస్ బేకన్ కూర్చుని ఉంటారు. బేకన్ 1626లోనే పోయాడు. అది గౌరవం కోసం గీసింది, చూసేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. అసలు మోసపోయేది 1862లో విలియం వాకర్ ప్రచురించిన పెద్ద ముద్ర దగ్గర. 1807–08 నాటి బ్రిటిష్ శాస్త్రవేత్తలు యాభై మంది దాకా ఒకే గదిలో, జేమ్స్ వాట్, డేవీ, డాల్టన్ అందరూ ముచ్చట్లాడుతున్నట్టు ఉంటుంది. అలాంటి సమావేశం ఎన్నడూ జరగలేదు. విడివిడి చిత్తరువుల్లోంచి ముఖాలు తీసి ఒక గదిలో కూర్చోబెట్టారు. ఇందులోంచి ఒక ముఖం కత్తిరించి ‘1807లో డాల్టన్’ అని పెట్టేవాళ్ళున్నారు. అసలు డాల్టన్ ఫెలో అయిందే 1822లో.

బట్టలు, విగ్గులు, బల్లమీద వస్తువులు

బట్టల్ని బట్టి కాలం కట్టొచ్చు, కానీ ఒకవైపే. భుజాల కిందకి దిగే పెద్ద విగ్గు ఉంటే 1660ల తర్వాతిది అనొచ్చు, ఎప్పటివరకు అన్నది చెప్పలేం, ముసలివాళ్ళు వయసులో ఉన్నప్పటి ఫ్యాషన్‌నే పట్టుకుని ఉంటారు. 18వ శతాబ్దంలో చాలామంది పండితులు విగ్గు తీసేసి, గుండు మీద మెత్తటి టోపీ, ఒంటిమీద వదులు గౌను వేసుకుని కనిపిస్తారు. అది రాత్రి బట్టలు కాదు, నేను చదువుకునే మనిషిని అని చెప్పుకునే వేషం. ఆ గౌనులు కొన్నిటికి అద్దకం బట్ట మన కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిందే.

వేషం అన్న మాట ఊరికే అనలేదు. శామ్యూల్ పీప్స్ 1665లో ఫెలో, తర్వాత అధ్యక్షుడు, న్యూటన్ పుస్తకం ప్రిన్సిపియా మొదటి పేజీ మీద అధ్యక్షుడిగా పేరున్నది ఆయనదే. 1666లో జాన్ హేల్స్ గీసిన బొమ్మలో గోధుమరంగు ఇండియన్ గౌను వేసుకుని దర్జాగా ఉంటాడు. ఆ గౌను అద్దెకి తెచ్చుకున్నదని డైరీలో ఆయనే రాసుకున్నాడు! కాబట్టి బట్టల్ని చూసి ఆస్తిపాస్తులు లెక్కకట్టకండి.

వస్తువులు మాత్రం ఎక్కువ నిజం చెబుతాయి, ఎందుకంటే వాటిని పెట్టమని అడిగేది కూర్చున్న మనిషే. 1664లో ఫెయిథోర్న్ చెక్కిన రాబర్ట్ బాయిల్ ముద్రలో వెనక గాలిపంపు కనిపిస్తుంది, ఆ పంపును తయారుచేసిన హుక్కే దాన్ని బొమ్మలో చేర్చడంలోనూ సాయపడ్డాడు. 1736లో మైకేల్ డాల్ గీసిన ఎడ్మండ్ హేలీ చిత్తరువు ఇంకా బాగుంటుంది. 80 ఏళ్ళ ముసలాయన చేతిలో కాగితం, దానిమీద ఒకదానిలో ఒకటి గుండ్రాలు. తోకచుక్క అనుకుంటారు చాలామంది, కాదు. భూమి లోపల బోలుగా ఉందనీ పొరలు పొరలుగా గోళాలున్నాయనీ ఆయన వయసులో ఉండగా చెప్పిన సిద్ధాంతం అది. ప్రపంచం ఆయన్ను తోకచుక్కతో గుర్తుపెట్టుకుంది, ఆయన మాత్రం చివరిదాకా ఆ సిద్ధాంతాన్నే పట్టుకుని ఉన్నాడు. వెండి మీద బంగారు పూత పూసిన పెద్ద దండం పక్కన కనబడితే ఆ మనిషి సొసైటీ అధ్యక్షుడై ఉంటాడని ఊహించొచ్చు. రాజు రెండో చార్లెస్ ఇచ్చిన దండం అది. 1778 నుంచి 1820 దాకా అధ్యక్షుడిగా ఉన్న జోసెఫ్ బ్యాంక్స్‌ను థామస్ ఫిలిప్స్ అలాగే గీశాడు.

ఫొటోల దగ్గరికొస్తే

1839 కంటే ముందు పోయినవాళ్ళకి ఫొటో ఉండదు. ఇది చిన్నపిల్లలకీ తెలిసేదే అనిపిస్తుంది, అయినా 1829లో పోయిన హంఫ్రీ డేవీ ‘ఫొటో’ అంటూ షేర్ చేస్తుంటారు. ముద్రను కెమెరాతో తీసి అట్టకి అంటించి అమ్మడం 1860లలో పెద్ద వ్యాపారం, ఆ అట్ట చేతిలో ఉంటే ఫొటోలాగే ఉంటుంది. భూతద్దంతో చూడండి, గీతలో చుక్కలో కనబడితే అది బొమ్మకి తీసిన ఫొటో.

కార్డు సైజు పనికొస్తుంది. దాదాపు 6 సెంటీమీటర్ల వెడల్పు, 10 పొడవు ఉన్న చిన్న అట్టలు 1860ల సందడి, 11కి 16న్నర ఉండే పెద్దవి ఆ తర్వాతవి. అట్ట కిందా వెనకా స్టూడియో పేరు, అడ్రసు ఉంటాయి, స్టూడియోలు ఇళ్ళు మారుతుంటాయి కాబట్టి అడ్రసే ఒక్కోసారి తేదీ చెప్పేస్తుంది. 1850లలో చాలామంది ఫెలోల్ని తీసింది లండన్‌లోని మాల్ అండ్ పాలీబ్లాంక్. డార్విన్ కూడా అక్కడ కూర్చున్నాడు. 1855లో ఆయన తన స్నేహితుడు హుకర్‌కి రాసిన ఉత్తరంలో, నా ముఖం నిజంగా ఆ ఫొటోలో ఉన్నంత ఘోరంగా ఉంటే నాకు ఒక్క స్నేహితుడైనా మిగలడం ఆశ్చర్యమే అన్న అర్థం వచ్చేలా వాపోయాడు.

డార్విన్ అంటే గుర్తొచ్చింది, గడ్డం. ఆయన గడ్డం పెంచింది 1862లో. బీగిల్ ఓడ ప్రయాణం 1831 నుంచి 1836, పెద్ద పుస్తకం వచ్చింది 1859లో. ఆ రెండిటి గురించిన వ్యాసాల్లోనూ తెల్లగడ్డం తాతను పెట్టేస్తారు. ప్రయాణానికి దగ్గరిది కావాలంటే 1840లో జార్జ్ రిచ్‌మండ్ వేసిన నీటిరంగుల బొమ్మ వాడండి, పుస్తకం నాటిది కావాలంటే ఆ కోపంగా ఉన్న మాల్ అండ్ పాలీబ్లాంక్ ఫొటోయే వాడండి, ఆయనకి నచ్చకపోయినా సరే.

20వ శతాబ్దం ఫెలోలకి ఇంకో సులువుంది. 1932 నుంచి సొసైటీ వేసే సంస్మరణ వ్యాసాల్లో మామూలుగా మనిషి ఫొటో, కింద ఆయన సంతకం అచ్చవుతాయి. పేరు కలిసిన ఇద్దరిలో ఎవరు ఎవరో తేలనప్పుడు అక్కడికి వెళ్ళడం మేలు. 1918లో ఫెలో అయిన శ్రీనివాస రామానుజన్‌కి ఆ అవకాశం లేదు, 1920లోనే పోయారు. మనందరికీ తెలిసిన ఆ ఫొటో 1919 నాటి పాస్‌పోర్టుది, 1936లో ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ ఇండియా వచ్చినప్పుడు రామానుజన్ భార్య జానకి అమ్మాళ్ దగ్గర సంపాదించారు. జబ్బుతో చిక్కిపోయిన మనిషి ఫొటో అది. నెట్‌లో దొరికే నున్నటి చెంపల రంగుల రామానుజన్లు చాలావరకు దాన్ని దిద్దినవే. కంప్యూటర్‌తో రంగులద్దినవీ, ఏఐతో పదునుపెట్టినవీ అసలు వాడొద్దనే నేను చెప్తాను, అందులో కొత్తగా కనబడే కనురెప్పలూ చర్మం రంగూ ఎవరివో తెలియదు.

గోడమీద ఉన్నంత మాత్రాన ఫెలో కాదు

సొసైటీ దగ్గర బొమ్మ ఉందని పేరు పక్కన ఎఫ్‌ఆర్‌ఎస్ (రాయల్ సొసైటీ ఫెలో) అని తగిలించేయకండి. మేరీ సోమర్‌విల్ పాలరాతి ప్రతిమను ఫ్రాన్సిస్ చాంట్రీతో చెక్కించి సొసైటీలో పెట్టారు, ఆవిణ్ణి మాత్రం ఫెలోగా తీసుకోలేదు. హెర్తా ఐర్టన్‌ని 1902లో ప్రతిపాదిస్తే పెళ్ళయిన ఆడమనిషి కాబట్టి కుదరదన్నారు, 1906లో మళ్ళీ వాళ్ళే హ్యూస్ మెడల్ ఇచ్చారు. ఆడవాళ్ళు మొదటిసారి ఫెలోలయింది 1945లో, క్యాథ్లీన్ లాన్స్‌డేల్, మార్జరీ స్టీఫెన్‌సన్. అంతకుముందు నాటి ఏ మహిళ బొమ్మ కిందైనా ఫెలో అని ఉంటే అది తప్పు. మగవాళ్ళ విషయంలో సొసైటీ పాత ఫెలోల జాబితాలో ఎన్నికైన తేదీ చూసుకుని, బొమ్మ తేదీతో పోల్చుకోండి.

కింద ఏం రాయాలి, ఎవర్ని అడగాలి

మనిషి పేరు, గీసినవాడు, ఏ రకం, ఏడాది, ఎక్కడుంది, నంబరు. ఉదాహరణకి: ఐజాక్ న్యూటన్, గాడ్‌ఫ్రీ నెల్లర్ తైలవర్ణ చిత్రం, 1702, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, లండన్, ఎన్‌పీజీ 2881. నకలైతే నకలనీ, ఊహాచిత్రమైతే ఊహాచిత్రమనీ రాయాలి. ఆ ఒక్క మాట బొమ్మతోపాటే ఉండాలంటే ఫైలు పేరులో కూడా పెట్టండి, కింద రాసింది ఎవరైనా కత్తిరించినా ఫైలు పేరు కొంతకాలం బతుకుతుంది.

హక్కుల విషయం: 17, 18 శతాబ్దాల చిత్రకారులకి కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, కానీ దాన్ని తీసిన డిజిటల్ ఫొటో మీద సంస్థలు షరతులు పెడుతుంటాయి. నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ చిన్న సైజు ఫైళ్ళు వ్యాపారం కాని పనులకి ఉచితంగా ఇస్తుంది, పుస్తకంలో వేయాలంటే విడిగా అడగాలి. 20వ శతాబ్దపు ఫొటోలతోనే అసలు తలనొప్పి: మామూలుగా బ్రిటన్‌లో తీసినవాడు పోయిన 70 ఏళ్ళ దాకా హక్కుంటుంది, మన దేశంలో ఫొటోకి ప్రచురించిన నాటినుంచి 60 ఏళ్ళు. రెండు చోట్లా ప్రచురించేవాళ్ళు రెండూ చూసుకోవాలి. అర్థం కాకపోతే ఆ సంస్థ పిక్చర్ లైబ్రరీకి చిన్న మెయిల్ పెట్టండి, అందులో చిత్రం నంబరు, ఎక్కడ వాడతారు, ఎన్ని కాపీలు లేదా ఏ సైటు, ఏ సైజు ఫైలు కావాలి అన్నవి ముందే రాసేయండి, ఇవి లేకపోతే వాళ్ళు తిరిగి ఇవే అడుగుతారు. పనిలో పనిగా ఆ బొమ్మలో ఉన్నది ఫలానా మనిషే అని ఇప్పటికీ నమ్ముతున్నారా అని కూడా అడగండి. పాత కేటలాగుల్లో పేర్లు మారుతుంటాయి, కొత్త సంగతులు సైటులోకి ఎక్కకముందే అక్కడి వాళ్ళకి తెలిసి ఉండొచ్చు.